మెడ తిప్పేస్తున్న పోలిష్ పెట్ట, నీలం జంటకు పుట్టిన నల్ల పిల్లలు

మీరు అడిగినవి మూడు. మీ నీలం పోలిష్ (నెత్తిన పెద్ద ఈకల కొప్పు ఉండే జాతి) పుంజుకీ నీలం పెట్టలకీ పుట్టిన 11 పిల్లల్లో 5 మాత్రమే నీలంగా ఉన్నాయి, 4 నల్లగా, 2 దాదాపు తెల్లగా అక్కడక్కడా మచ్చలతో వచ్చాయి కాబట్టి పుంజు కల్తీదేమోనని అనుమానం. మిగతా కోళ్లు నెత్తిమీద పొడిచిన మర్నాటి నుంచి ఒక పెట్ట మెడ మెలితిప్పుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. కళ్లమీద పడుతున్న కొప్పు కత్తిరించవచ్చా అన్నది మూడోది. రంగుల సంగతి ఆగుతుంది, ఆ పెట్ట ఆగలేదు. అందుకే దానితో మొదలుపెడతాను.

ముందు దాన్ని మంద నుంచి వేరుచేయండి. చిన్న పెట్టె, వెలుతురు తక్కువ, చప్పుడు లేని చోటు. అడుగున మెత్తటి గుడ్డ పరిచి, చుట్టూ తువ్వాలు చుట్టి ఆనిస్తే పడి దొర్లకుండా ఉంటుంది. మెడ తిరిగిపోయిన కోడి చాలాసార్లు ఆ జబ్బుతో చావదు, తినలేక, నీళ్లు తాగలేక చస్తుంది. ముక్కు గిన్నె దగ్గరికి వెళ్లదు, పక్కకు పోతుంది. కాబట్టి మీరే మేతను నీళ్లలో తడిపి, తలను చేత్తో నెమ్మదిగా నిలబెట్టి, రోజుకు నాలుగైదు సార్లు తినిపించాలి. నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచుమీద ఒక్కో చుక్కా పెడితే అదే మింగుతుంది. మెడను బలవంతంగా సరిచేయాలని చూడొద్దు.

విటమిన్ ఇ, కొద్దిగా సెలీనియం, బి కాంప్లెక్స్ ఇవ్వడం ఈ కోళ్లు పెంచేవాళ్లంతా చేసేదే. విటమిన్ ఇ సాధారణంగా రోజుకు 400 ఐయూ ఇస్తారు. సెలీనియం విషయంలో మాత్రం చేయి జారనివ్వకండి, ఎక్కువైతే అది విషమే. మేతలో ఇప్పటికే ఉందేమో సంచి మీద చూడండి. దెబ్బ వల్ల లోపల వాపు ఉంటే దాన్ని తగ్గించే మందు పశువైద్యుడే ఇవ్వాలి, మోతాదు కోడి బరువు మీద ఉంటుంది. మీరు చూపిస్తే ఈరోజో రేపో చూపించండి, వారం ఆగి కాదు. రెండు రోజుల్లో మార్పు రాలేదని మానేయకండి. కోలుకునేవాటికి కూడా వారాలు పడుతుంది. బాగైందనిపించాక విటమిన్లు ఒక్కసారిగా ఆపకుండా తగ్గిస్తూ రండి.

అసలు ఇంత చిన్న పోటుకి ఇంత జరగడం ఏమిటని మీకు అనిపించి ఉంటుంది. కొప్పు కోళ్లు పెంచేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే. పోలిష్ కోడిలో కొప్పు అనేది మామూలు తల మీద పెరిగిన ఈకల గుత్తి కాదు. దాని కింద పుర్రె ఆకారమే వేరు. నెత్తిన ఎముక బుడిపెలా పైకి లేచి ఉంటుంది. మెదడు ముందుభాగం ఆ బుడిపెలోకి జొచ్చుకుని ఉంటుంది. ఆ ఎముక పిల్ల పుట్టేసరికి పూర్తిగా మూసుకోదు. పెద్దయ్యాక కూడా కొన్నింటిలో సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి, వాటిమీద పొర, చర్మం తప్ప మరేమీ ఉండదు. అంటే ఇంకో కోడి ముక్కుకూ దీని మెదడుకూ మధ్య చర్మం మందమే అడ్డు. మామూలు కోడికి గీత పడే పోటు దీనికి మెదడు దెబ్బ.

పిల్ల గుడ్డులోంచి వచ్చి ఆరిన వెంటనే నెత్తిమీద వేలి కొసతో చాలా మెల్లగా తాకి చూడండి. బఠాణీ గింజలాంటి ఉబ్బు తెలుస్తుంది, దానిమీద మెత్తటి పౌడర్ పఫ్‌లా నూగు ఉంటుంది. అలాంటి పిల్లలను పెద్ద జాతి పిల్లలతో ఒకే బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో) వేయకూడదు. కొప్పు ఉండే మరో జాతి సిల్కీలలో కొన్నింటికి ఈ ఉబ్బు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొప్పు, ఉబ్బు రెండూ ఒకటే కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే మెడ తిరిగిన ప్రతి కోడికీ దెబ్బే కారణం అనుకోకండి. మీరు పొడవడం కళ్లారా చూశారు, మర్నాడే మొదలైంది, ఒక్కదానికే వచ్చింది కాబట్టి దెబ్బేనని నేను ఎక్కువ నమ్ముతున్నాను. కానీ రెండు జబ్బులు మనసులో ఉంచుకోవాలి. ఒకటి కొక్కెర తెగులు. దానిలోనూ మెడ మెలితిరుగుతుంది. అయితే సాధారణంగా దానితోపాటు ఆయాసం, గురక, ఆకుపచ్చ రెట్ట ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. రెండో కోడి మెడ వాల్చినా, మూతి తెరిచి ఊపిరి పీల్చినా ఇంటి వైద్యం ఆపేసి వెంటనే పశువైద్యశాఖకు తెలపండి. చాలా దేశాల్లో అది తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు.

రెండోది మారెక్స్. ఇది ఒక హెర్పిస్ వైరస్. ఎక్కువగా గుడ్లకు రాబోతున్న వయసు పెట్టల్లో బయటపడుతుంది. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాచి పడిపోవడం దాని గుర్తు. రెక్క వాలుతుంది, కొన్నిటికి కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకి మారి, పాప ఆకారం చెడుతుంది, బరువు కరిగిపోతుంది. పోలిష్, సిల్కీ జాతులకు ఇది తేలిగ్గా సోకుతుందని పెంచేవాళ్ల అనుభవం, నాదీ అదే. వైరస్ ఈకల మొదళ్ల నుంచి రాలే పొట్టుతో, ధూళితో వ్యాపిస్తుంది, షెడ్డులో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకా పిల్ల పుట్టిన మొదటి రోజే వేయాలి. అది గడ్డలనూ పక్షవాతాన్నీ ఆపుతుంది గానీ వైరస్ సోకకుండా ఆపదు. అందుకే టీకా వేసిన కోళ్లూ ఇతర కోళ్లకు అంటించగలవు. ఏ జబ్బు విషయంలోనైనా కొత్త కోడిని కనీసం 30 రోజులు వేరుగా ఉంచండి.

ఇక కొప్పు. కత్తిరించండి, ఏమీ కాదు. ప్రదర్శనకు పెట్టే కోడి కాకపోతే కత్తిరించడమే దానికి మేలు. చూపు అడ్డుపడిన కోడి పిరికిది అనుకుంటారు చాలామంది. చేయి పెడితే ఎగిరిపడుతుంది, మందలో అన్నిటికంటే వెనక నిలబడుతుంది, మేత దగ్గర చివర మిగిలింది తింటుంది. అది స్వభావం కాదు, దానికి కనపడటం లేదు. కళ్లముందు ఈకలు తీసేసిన పావుగంటలో అదే కోడి తల ఎత్తి చుట్టూ చూసి, వేరే కోడి అయిపోయినట్టు నడవడం ఎన్నిసార్లు చూసినా నాకు మనసు నిండుతుంది. మంద పొడవడం కూడా తగ్గుతుంది, ఎందుకంటే వస్తున్న పోటును అది చూసి తప్పుకోగలదు.

కత్తిరించే ముందు ఈకను విడదీసి మొదలు చూడండి. కొత్తగా వస్తున్న ఈక కాడ నల్లగా, నీలంగా, లావుగా ఉంటే లోపల రక్తం ఉందని అర్థం. దాన్ని కోస్తే రక్తం కారుతుంది, ఆ ఎరుపు చూసి మిగతా కోళ్లు మళ్లీ నెత్తిమీదకు వస్తాయి. తెల్లగా, ఎండినట్టున్న కాడలే కోయాలి. ఒకరు తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, ఇంకొకరు మొన మొద్దుగా ఉన్న కత్తెరతో కళ్లకు ముందూ పక్కలా మాత్రం తీయాలి. కోయడం ఇష్టం లేకపోతే మెత్తటి టేపుతో పైకి కట్టవచ్చు. బిగించకూడదు, వారానికోసారి విప్పి చూడాలి, ఈకలు కొత్తగా వచ్చే రోజుల్లో కట్టనే కూడదు. పుంజుకి కూడా ఇది చేయండి. గుడ్లు ఎక్కువగా పిల్ల కట్టనివిగా తేలుతుంటే మందుల గురించి ఆలోచించే ముందు పుంజు కొప్పు చూడండి. పెట్ట ఎక్కడుందో కనపడని పుంజు ఏం చేయగలదు? ఈ కోళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మాట్లాడుతూ వెళ్లడం అలవాటు చేసుకోండి. పైనుంచి చేయి దించితే డేగే వచ్చిందని బెదిరి గోడకు కొట్టుకుంటాయి, ఆ దెబ్బా నెత్తికే.

కొప్పు లోపల ఏముందో చూడడం కూడా అంతే ముఖ్యం. నాకు ఇది ఒక సిల్వర్ లేస్డ్ (వెండి రంగు ఈకకు నల్ల అంచు ఉండే) పెట్ట నేర్పింది. కొన్నాళ్లుగా మూలన నిలబడుతుంటే ముదురుతోంది, నెమ్మదించింది అనుకున్నాను. ఒకరోజు కొప్పు విడదీసి చూస్తే ఈకల మొదళ్ల దగ్గర బియ్యపు నూకలాంటి పేల గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి, ఒక కన్ను చీముతో మూసుకుపోయి ఉంది. ఆ కన్ను దక్కలేదు. కొప్పు నన్ను చూడనివ్వలేదు అనడం న్యాయం కాదు, నేనే విడదీసి చూడలేదు. అప్పటినుంచి వారానికోసారి, రాత్రి దండెం (కోళ్లు వాలే కర్ర) మీద నిద్రలో ఉన్నప్పుడు టార్చి పట్టుకుని ప్రతి కోడి కొప్పూ విడదీసి చూస్తాను. గడ్డం కింద, రెక్క కింద, రెట్ట వేసే చోటు చుట్టూ కూడా చూడాలి.

పేలు ఎప్పుడూ కోడి మీదే ఉంటాయి. ఎర్ర మైట్లు అలా కాదు, పగలు దండెం సందుల్లో, చెక్క పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. కోడి మీద ఏమీ కనపడకపోయినా ఎర్ర తురాయి పాలిపోతుంటే రాత్రిపూట దండెం అడుగున తెల్ల కాగితంతో తుడిచి చూడండి, ఎర్రటి గీతలు పడితే అవే. పేలమందు పొడి ఒకసారి వేసి ఊరుకుంటే లాభం లేదు. గుడ్లు చావవు కాబట్టి 7 నుంచి 10 రోజులకు రెండోసారి వేయాలి. కొప్పులో వేసేటప్పుడు కళ్లు, ముక్కురంధ్రాలు చేత్తో మూసి, మెత్తటి బ్రష్‌తో మొదళ్లకు రాయాలి. పోలిష్ ముక్కురంధ్రాలు మామూలు కోడి కంటే ఉబ్బుగా, వెడల్పుగా ఉంటాయి, పొడి లోపలికి పోతుంది.

నీళ్ల గిన్నె వెడల్పుగా ఉంటే మార్చేయండి. తాగిన ప్రతిసారీ కొప్పు ముంచుకుని, తడి కొప్పుకు ధూళి అంటుకుని, అది కళ్లలో పడుతుంది. సన్న అంచున్నదో, నిపుల్ డ్రింకరో పెట్టండి. కంట్లో నురుగు బుడగలు కనిపించి, తుమ్ములు, ముఖం ఒకపక్క వాపు ఉంటే మాత్రం అది ధూళి కాదు, మైకోప్లాస్మా అనే క్రిమి అయి ఉండవచ్చు. మందుతో లక్షణాలు తగ్గుతాయి. కోడి బాగైనట్టే కనపడుతుంది, కానీ క్రిమి ఒంట్లో ఉండిపోతుంది, గుడ్డు ద్వారా పిల్లకు కూడా పోతుంది. ఎంత అందమైన పెట్ట అయినా దాని గుడ్లు పొదిగించకండి.

గుడ్డుకి సంబంధించినవి అన్ని జాతులకూ ఒకటే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ మేతలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది. దానికి తోడు ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి, కావలసింది అదే తింటుంది. లేయర్ మేత పిల్లలకు పెట్టకూడదు, ఆ కాల్షియం మూత్రపిండాలు పాడుచేస్తుంది. పెట్ట తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డుపడిందేమో చూడాలి. గోరువెచ్చటి నీళ్లలో పొట్ట మునిగేలా 20 నిమిషాలు కూర్చోబెట్టి, కాల్షియం ఇచ్చి, చీకటిగా వెచ్చగా ఉంచితే చాలాసార్లు పెట్టేస్తుంది. కొప్పు తడవనివ్వకండి. లోపలి గుడ్డును పగలగొట్టే పని ఎప్పుడూ చేయొద్దు. పొట్ట నీటిసంచిలా జారి ఉంటే అది వేరే సంగతి, డాక్టర్ చేతిలో పని.

ఇప్పుడు మీ పుంజు. అది కల్తీది కాదు. నీలం ఉన్నంత కాలం ఇలాగే పుడతాయి, ఎన్ని తరాలు పెంచినా అంతే. నీలం అనేది విడిగా ఒక రంగు కాదు, నలుపును పలచబరిచే జన్యువు ఒక్క పాలు (ఒక్క ప్రతి) ఉంటే వచ్చే రూపం. ఆ జన్యువు లేకపోతే నలుపు. ఒక పాలు ఉంటే నీలం. రెండు పాళ్లుంటే స్ప్లాష్, అంటే మీకు కనిపించిన మచ్చల తెలుపు. మీ నీలం పుంజు తన రెండు ప్రతుల్లో ఒకటి పలచబరిచేది, ఒకటి మామూలుది మోస్తోంది. పెట్టా అంతే. పిల్ల ఇద్దరి దగ్గరా ఒక్కోటి తీసుకుంటుంది. నాలుగింట ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి స్ప్లాష్ అన్నది లెక్క. 11 పిల్లల్లో 4, 5, 2 వచ్చాయంటే లెక్కకు దగ్గరే. నాలుగింట ఒకటి అన్నది ఒక్కో పిల్లకు ఉన్న అవకాశం, పొదుగుకి ఇచ్చిన హామీ కాదు.

అన్నీ నీలమే కావాలంటే స్ప్లాష్‌ను నలుపుతో జతకట్టాలి. ఒకవైపు నుంచి ఎప్పుడూ పలచబరిచేది, ఇంకోవైపు నుంచి ఎప్పుడూ మామూలుది వస్తుంది కాబట్టి ప్రతి పిల్లా నీలమే. నీలాన్ని నలుపుతో కడితే సగం నీలం, సగం నలుపు. నీలాన్ని స్ప్లాష్‌తో కడితే సగం నీలం, సగం స్ప్లాష్. ఎప్పుడూ నీలం, నీలం కడుతూ పోతే నీలం వెలవెలబోతుందని, ఈక అంచున ఉండాల్సిన ముదురు గీత చెదిరిపోతుందని అనుభవం ఉన్నవాళ్లు మధ్యలో మంచి నల్ల కోడిని తెస్తారు. ఆ మాటలో నిజం ఉంది, నేనూ అలాగే చేస్తాను.

నీలం అని లావెండర్ అంటగట్టడం, లావెండర్ అని నీలం అంటగట్టడం కూడా చూశాను. లావెండర్ ఒళ్లంతా ఒకే లేత బూడిద, అంచు గీత ఉండదు. అది అంతర్గత జన్యువు. రెండు పాళ్లుంటేనే కనపడుతుంది, అందుకే లావెండర్ జంటకు అన్నీ లావెండరే పుడతాయి. నలుపుతో కడితే పిల్లలన్నీ నలుపే, రంగు లోపల దాక్కుని ఉంటుంది.

తెలుపుకి దారులు ఒకటి కంటే ఎక్కువ. తెల్ల సిల్కీలో ఉండేది సాధారణంగా అంతర్గత తెలుపు. రంగు కోడితో కడితే మొదటి తరంలో మాయమవుతుంది. బహిర్గత తెలుపు ఒక్క పాలు ఉన్నా నలుపును చెరిపేస్తుంది, ఎరుపునూ బంగారాన్నీ దాదాపు ముట్టుకోదు. బఫ్ లేస్డ్ పోలిష్ అంటే ఇదే. గోల్డ్ లేస్డ్ కోడి నల్ల అంచును బహిర్గత తెలుపు చెరిపేసి తెల్ల అంచు చేసింది. ఒక పాలే ఉన్న బఫ్ లేస్డ్ కోళ్ల తెల్ల అంచులో అక్కడక్కడా నల్ల చుక్కలు కనిపిస్తాయి, అలాంటి జంటకు గోల్డ్ లేస్డ్ పిల్లలూ పుడతాయి. మళ్లీ కల్తీ అనుకోకండి.

సిల్వర్, గోల్డ్ మాత్రం లింగ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పుంజుకి జెడ్ క్రోమోజోమ్‌లు రెండు, పెట్టకి ఒక్కటే. పెట్ట తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది. కాబట్టి గోల్డ్ పుంజును సిల్వర్ పెట్టతో కడితే కొడుకులు సిల్వర్, కూతుళ్లు గోల్డ్. పోలిష్‌లో చిన్నప్పుడు ఆడా మగా తెలుసుకోవడం కష్టం. రెండు నెలలు దాటాక కొప్పు ఈకలు కోసుగా, జుట్టులా వెనక్కి పడితే పుంజు, బంతిలా గుండ్రంగా నిలిస్తే పెట్ట అంటారు, చాలాసార్లు నిజమే. కానీ పైన చెప్పిన జత కడితే నూగు రంగే చాలావరకు చెబుతుంది. దీన్ని నల్ల కోళ్ల మీద ప్రయత్నించకండి, పూర్తి నలుపు కింద సిల్వరో గోల్డో కనపడదు.

తెల్ల కొప్పు, నల్ల ఒళ్లు ఉన్న మీ మూడో పెట్టను లేస్డ్ పుంజుతో కట్టాలని ఉందన్నారు. వద్దు. తెల్ల కొప్పు ఒక్క జన్యువు పని కాదు, ఎంపికతో తరాలుగా నిలబెట్టింది. వేరే రంగుతో కలిపితే మరకల కొప్పు పిల్లలు వస్తాయి, తిరిగి శుభ్రం చేయడానికి ఏళ్లు పడుతుంది. ముక్కు పైన కొప్పు ముందు ఉన్న కొన్ని నల్ల ఈకలు మాత్రం దోషం కాదు, ఆ రకానికి అవి ఉండేవే.

కొప్పు జన్యువు బహిర్గతమే గానీ పూర్తిగా కాదు. కొప్పు కోడిని మామూలు కోడితో కడితే పిల్లలకు చిన్న కొప్పు వస్తుంది. నెత్తి ఉబ్బు మాత్రం అంతర్గత స్వభావంగా వస్తుంది. అందుకే జతకు కోళ్లను ఎంచేటప్పుడు ఎంత పెద్ద కొప్పు అనే చూసే అలవాటు నాకు నచ్చదు. కొప్పు పెద్దదవుతూ కళ్లు మూసుకుపోతున్న వంశాన్ని ఇంకా పెద్దగా చేయడంలో కోడికి ఒరిగేదేమీ లేదు. కొప్పు కింద నుంచి కన్ను కనిపించే పెట్టను, నెత్తి ఎముక గట్టిగా మూసుకున్న పుంజును ఎంచండి.

మీ రెండు స్ప్లాష్ పిల్లలను ఎవరికీ ఇచ్చేయకండి. వాటిలో ఒకటి పుంజయితే వచ్చే ఏడు ఒక మంచి నల్ల పెట్టతో (ఆ తెల్ల కొప్పుది కాకుండా) కడితే అన్నీ నీలమే ఉండే పొదుగు అదే. దెబ్బ తగిలిన పెట్ట మెడ నిలబడ్డాక కూడా వెంటనే మందలో వదలకండి. కొన్ని రోజులు జాలీ అడ్డంగా పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. కొప్పు ముందే కత్తిరించి, అన్నిటికంటే సాధువైన ఒక కోడిని తోడుగా వేసి, ఆ తర్వాత తలుపు తీయండి. పొడిచింది ఏ కోడో మీకు తెలిసే ఉంటుంది. ముందు దాన్ని వేరే చోట ఉంచండి.